అగ్నివీరుడి తల్లి ఖాతాలో నెలనెలా పడేదేమిటి?

సంపాదకులకు నమస్కారం.

నాలుగేళ్ల కాలానికి కుర్రాళ్లను సైన్యంలోకి తీసుకునే అగ్నిపథ్ పథకం కింద చేరిన అగ్నివీరుల తొలి బ్యాచ్ 2022 డిసెంబరు, 2023 జనవరి నెలల్లో శిక్షణకు వెళ్లింది. నాలుగేళ్ల లెక్కన 2026 ఆఖరు నుంచి వాళ్లు ఇంటిముఖం పడతారు. నూటికి పాతిక మంది వరకు సైన్యంలో ఉండిపోతారు, మిగతావాళ్లు తిరిగొస్తారు. దీనిమీద పత్రికల్లో, టీవీల్లో జరిగే చర్చ ఎప్పుడూ రెండు ప్రశ్నల దగ్గరే ఆగుతోంది. సైన్యం పటుత్వం తగ్గుతుందా, కుర్రాళ్లకు మళ్లీ ఉద్యోగాలు దొరుకుతాయా అని. రెండూ అడగాల్సినవే. అయితే ఆ కుర్రాడు తిరిగొచ్చే ఇంట్లో సరుకుల చీటీ రాసేదెవరో, అప్పు తీర్చేదెవరో, రేపు వాడికి దెబ్బ తగిలితే మంచం పక్కన కూర్చునేదెవరో ఎవరూ మాట్లాడటం లేదు.

సైనిక కుటుంబాల పెన్షన్ కాగితాలు చూసే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాం. మిలటరీ ఉద్యోగం వల్ల ఇంటి ఆడమనిషికి గట్టిగా దక్కింది ఒకటే: ఆమె సొంత పేరున, ఆమె బతికున్నన్నాళ్లూ, నెలనెలా పడే డబ్బు. అగ్నిపథ్ సరిగ్గా దాన్నే తీసేసింది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సంగతే తీసుకోండి. వానమీద ఆధారపడ్డ మడి ఎకరమో అరెకరమో ఉన్న ఇంట్లో ఇంటర్ చదివిన కుర్రాడికి ఊరి చుట్టుపక్కల నెల జీతం వచ్చే పని దొరకదు. చెన్నైకో హైదరాబాదుకో భవనాల పనికి పోవాలి, లేదా గుజరాత్ వెళ్లి వేరావల్‌లో బోటెక్కాలి, లేదా గల్ఫ్, లేదా మిలటరీ. వీటిలో వెనకాల పెన్షన్ ఉండేది ఒక్క మిలటరీకే. తాడేపల్లిగూడెం మండలంలో మాధవరాన్ని మిలటరీ మాధవరం అని పిలుచుకునేదాకా వచ్చిందంటే అక్కడి మగవాళ్ల ధైర్యంతో పాటు ఆ పెన్షన్‌కూ అందులో వాటా ఉంది.

కుర్రాణ్ణి మిలటరీకి తయారుచేసే ఖర్చు ఎవరిదో ముందు చూడండి. 1.6 కిలోమీటర్ల పరుగు అయిదున్నర నిమిషాల్లో పూర్తిచేస్తే పూర్తి మార్కులు. పుల్‌అప్‌లలో పూర్తి మార్కులకు పది తీయాలి, తొమ్మిదడుగుల గుంత దూకాలి. 2023 నుంచి ర్యాలీకి ముందే ఆన్‌లైన్ రాతపరీక్ష కూడా పెట్టారు. దీనికోసం ఏడాదో రెండేళ్లో తెల్లవారుజామున నాలుగింటికి లేచి గ్రౌండ్‌కి పోయే కుర్రాడికంటే ముందు లేచేది తల్లి. నానబెట్టిన శనగలు, ఉడికించిన గుడ్లు, అరటిపండ్లు, మూడునాలుగు నెలలకే అరిగిపోయే బూట్లు, అకాడమీ ఫీజు, గుంటూరు, విశాఖ, సికింద్రాబాద్ రిక్రూటింగ్ ఆఫీసుల చుట్టూ తిరిగే చార్జీలు ఆమె చూసుకోవాలి. డ్వాక్రా అప్పు తీర్మానంలో పాడిగేదె అనో చిన్నవ్యాపారం అనో రాసి ఉన్న డబ్బు ఈ దారిన పోవడం ఊళ్లో అందరికీ తెలిసిందే. వాయిదా మాత్రం ఆమె కూలి డబ్బుల్లోంచే కట్టాలి. దేశ రక్షణకు ఇల్లు పెట్టే ఈ పెట్టుబడి ఏ బడ్జెట్ పద్దులోనూ కనపడదు.

పాత పద్ధతిలో ఆ పెట్టుబడికి ఇంటికి వచ్చేదేమిటంటే, పదిహేనేళ్ల సర్వీసు నిండిన జవానుకు ఆఖరి జీతంలో సగం పెన్షన్. ఏడో వేతన సంఘం తర్వాత కనీస పెన్షన్ నెలకు 9,000. దానిమీద కరువు భత్యం ఏటా జనవరిలో, జూలైలో పెరుగుతుంది. 2025 జూలైలో అది 58 శాతానికి చేరింది. ఆ లెక్కన అందరికంటే తక్కువ పెన్షన్ తెచ్చుకునే ఇంటికి కూడా నెలకు 14,220 రూపాయలు. చాలామంది జవాన్లు నలభై ఏళ్లు నిండకుండానే రిటైరవుతారు, పెళ్లాలు వాళ్లకంటే నాలుగైదేళ్లు చిన్న. భర్త పోయాక ఇరవై, ముప్పై ఏళ్లపాటు ఆ డబ్బు ఫ్యామిలీ పెన్షన్‌గా ఆమె ఖాతాలో పడుతుంది. కొడుకును అడగక్కర్లేదు, మరిదిని బతిమాలక్కర్లేదు. కిరాణా కొట్టువాడు ఒకటో తారీఖు చూసుకుని అరువిస్తాడు. ఆడపిల్ల పురుటికొస్తే చేతిలో నాలుగు డబ్బులుంటాయి. ఈ ఊళ్లల్లో ముసలితనంలో కోడళ్ల మాట పడకుండా బతికే ఆడవాళ్లు ఎవరని అడిగితే, ముందు వేలు చూపించేది టీచరు పెన్షనూ మిలటరీ పెన్షనూ వచ్చే ఇళ్లవైపే.

అగ్నిపథ్‌ను 2022 జూన్ 14న ప్రకటించారు. మొదటి ఏడాది నెలకు 30,000, తర్వాత 33,000, 36,500, 40,000. ప్రతి నెలా 30 శాతం కోసి సేవా నిధిలో వేస్తారు కాబట్టి మొదటి ఏడాది చేతికొచ్చేది 21,000, నాలుగో ఏడాది 28,000. నాలుగేళ్లలో కుర్రాడి కోత మొత్తం 5.02 లక్షలు, ప్రభుత్వం అంతే కలుపుతుంది, వడ్డీతో సుమారు 11.71 లక్షలు, ఆదాయపు పన్ను లేదు. గ్రాట్యుటీ లేదు, పెన్షన్ లేదు. ఎక్స్ సర్వీస్‌మన్ హోదా లేదు. శాశ్వతంగా ఉండిపోయే పాతిక శాతానికి ఈ నాలుగేళ్లు పెన్షన్ సర్వీసులోకి రావు, సేవా నిధిలో తమ వాటా, దాని వడ్డీ మాత్రమే అందుతాయి. మధ్యలో తనంతట తాను బయటికొచ్చేసిన కుర్రాడికీ అంతే, ప్రభుత్వ వాటా రాదు. ఈ ముక్క తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియదు. ఎవరో పదకొండు లక్షలన్నారు, అదే గుర్తుంది.

ఆ 11.71 లక్షలను ఒక్క రూపాయి కూడా ముట్టుకోకుండా 7 శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే నెలకు వచ్చేది 6,830 రూపాయలు. పాత కనీస పెన్షన్‌లో సగం కూడా కాదు. పైగా ధరలు పెరిగినా ఈ వడ్డీ పెరగదు. అసలు ముట్టుకోకుండా ఉండటమన్నదీ కాగితం మీది మాటే. ఇరవై రెండేళ్ల కుర్రాడు పది లక్షలు పట్టుకుని వచ్చాడని తెలిసిన రోజే అక్క పెళ్లి బాకీ, సగంలో ఆగిన స్లాబు, నాన్న చేబదుళ్లు అన్నీ ఒకేసారి గుమ్మంలో నిలబడతాయి. అయిదు రూపాయల వడ్డీకి తిప్పుదామనే పెద్దమనిషి వస్తాడు. రియల్ ఎస్టేట్ ఏజెంటు వస్తాడు. ఇలా వచ్చి అరుగుమీద కూర్చునే మనుషులందరూ మగవాళ్లే. నెలనెలా వచ్చే డబ్బుకు ఇల్లు నడిపే ఆడమనిషి యజమాని. ఒక్కసారే వచ్చిపడిన మూటకు అరుగుమీద కూర్చున్నవాళ్లు యజమానులు. పాలసీ రాసినవాళ్లు ఈ తేడా ఆలోచించారని మేం అనుకోవడం లేదు.

ఎందుకు చేశారో మాకు తెలుసు. 2025-26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లు, అందులో పెన్షన్లకే సుమారు 1.61 లక్షల కోట్లు. (ఆ పద్దులో యూనిఫాం వేసుకోని రక్షణ శాఖ ఉద్యోగుల పెన్షన్లూ ఉన్నాయి, ఆ మాట ఎవరూ చెప్పరు.) పెన్షన్ భారం తగ్గితే ఆయుధాలకు, ఆధునికీకరణకు డబ్బు మిగులుతుందన్నది వాదన. సైన్యానికి మంచి తుపాకులు ఉండాలి, మా పిల్లలే వాటిని పట్టుకునేది. కానీ ఇక్కడ తగ్గిన భారం ఆవిరైపోలేదు. ఢిల్లీ పద్దులోంచి దిగి పలాసలో జీడిపిక్కలు కొట్టే తల్లి నెత్తిన కూర్చుంది.

మరణం సంగతి చెప్పక తప్పదు. అగ్నివీరుడు విధి నిర్వహణలో చనిపోతే 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన సర్వీసు కాలానికి జీతం, సేవా నిధి వస్తాయి. సెలవులో జబ్బు చేసో రోడ్డు ప్రమాదంలోనో పోతే బీమా, అప్పటిదాకా జమైన నిధి మాత్రమే. 92 లక్షలు తక్కువా అని అడుగుతారు. తక్కువని మేం అనం. రెగ్యులర్ జవాను యుద్ధంలో చనిపోతే బీమా, ఎక్స్‌గ్రేషియా ఎలాగూ ఉన్నాయి, వాటిమీద ఆఖరి జీతమంత లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ భార్యకు జీవితాంతం వస్తుంది. పెళ్లికాని జవానైతే తల్లిదండ్రులకు డిపెండెంట్ పెన్షన్ ఉంది. అగ్నివీరులుగా పెళ్లికానివాళ్లనే తీసుకుంటారు కాబట్టి ఇక్కడ పోగొట్టుకునేది ముఖ్యంగా తల్లి.

శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన అగ్నివీరుడు మురళీ నాయక్ 2025 మే 9న నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో అమరుడయ్యాడు. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షలు, అయిదెకరాల పొలం, ఇంటిస్థలం ప్రకటించింది. ఊరేగింపు అందరం చూశాం, కన్నీళ్లు పెట్టుకున్నాం. ఆ తర్వాత కొన్ని నెలలకు ఆయన తల్లి బొంబాయి హైకోర్టు గడప ఎక్కాల్సి వచ్చిందన్న సంగతి చాలామందికి చేరలేదు. ఒకే సరిహద్దులో ఒకే గుండుకు చనిపోయిన ఇద్దరిలో ఒకడి ఇంటికి పెన్షన్ ఇచ్చి రెండోవాడి ఇంటికి ఇవ్వకపోవడం ఏం న్యాయమన్నదే ఆమె ప్రశ్న. ఇది ఆమె ఒక్కదాని ప్రశ్న కూడా కాదు. విధుల్లో మరణించిన అగ్నివీరుల కుటుంబాలకు రెగ్యులర్ సైనికుల కుటుంబాలతో సమానంగా ప్రయోజనాలు ఇవ్వాలని పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం 2024 ఫిబ్రవరిలోనే సిఫారసు చేసింది.

మరణం కంటే మమ్మల్ని ఎక్కువ భయపెట్టేది గాయం. అగ్నివీరుడికి సర్వీసు కారణంగా అంగవైకల్యం వస్తే ఒక్కసారి ఇచ్చే సొమ్ము ఉంది: తీవ్రతను బట్టి 15, 25 లేదా 44 లక్షలు. రెగ్యులర్ జవానుకు జీవితాంతం డిసెబిలిటీ పెన్షన్, పూర్తిగా మంచాన పడితే సాయం చేసే మనిషికోసం అటెండెన్స్ అలవెన్సు, మందులకు ఈసీహెచ్ఎస్ అనే మాజీ సైనికుల వైద్య పథకం ఉంటాయి. అగ్నివీరుడికి ఇంటికొచ్చాక ఈసీహెచ్ఎస్ లేదు. వెన్నెముక దెబ్బతిన్న ఇరవై మూడేళ్ల కుర్రాడిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే ఒళ్లు పుండ్లు పడుతుంది. మూత్రపు సంచి మార్చాలి, కాథెటర్ శుభ్రంగా లేకపోతే ఇన్ఫెక్షన్, జ్వరం, మళ్లీ ఆస్పత్రి. రాత్రిళ్లు కూడా లేవాలి. ఈ పని చేసే తల్లి కూలికి వెళ్లలేదు. ఆమె పోగొట్టుకున్న కూలి ఏ వైకల్య శాతంలో లెక్కేశారు?

ఎక్స్ సర్వీస్‌మన్ అన్న ఒక్క మాట పోవడంతో ఇంకేం పోయాయో కూడా చెబుతాం. క్యాంటీన్ కార్డు పోయింది, అది చిన్నది. పిల్లల చదువుకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఉంది, ఆడపిల్లకు నెలకు 3,000, మగపిల్లాడికి 2,500. రేపు ఈ కుర్రాళ్లకు పుట్టబోయే పిల్లలకు అది రాదు. పెన్షన్ లేని వృద్ధ మాజీ సైనికులకు, వాళ్ల వితంతువులకు ఇచ్చే సాయాన్ని 2025లో నెలకు 4,000 నుంచి 8,000కు పెంచారు, మంచి పని, కానీ ఆ తలుపు కూడా వీళ్లకు మూతే. అన్నిటికంటే పెద్దది వైద్యం. ఉద్దానంలో కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు లేని ఇల్లు వెతకాలి. పెన్షన్ తీసుకునే మాజీ సైనికుడి కార్డుమీద అతనిమీద ఆధారపడ్డ తల్లికీ చికిత్స దొరుకుతుంది. అదే ఊళ్లో, అదే జబ్బుతో ఉన్న అగ్నివీరుడి తల్లికి ఆ కార్డు ఉండదు.

చట్టం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం కాబట్టి, కొడుకు సర్వీసులో ఉన్న తల్లులు ఇప్పుడే చేసుకోవాల్సిన పనులు కొన్ని రాస్తున్నాం. దయచేసి ఈ భాగం కత్తిరించకండి.

మొదటిది నామినీ. ఇది ఒక చోట రాస్తే సరిపోదు. బీమాకు వేరు, సేవా నిధికి వేరు, జీతం పడే బ్యాంకు ఖాతాకు వేరు. మూడింటిలోనూ ఎవరి పేరుందో కొడుకుని ఫోన్లో అడగండి, సెలవుకొచ్చినప్పుడు కాగితం చూడండి. తల్లి, తండ్రి ఇద్దరూ ఉంటే ఎవరికెంతో శాతం రాయించండి. ఊరికే ‘తల్లిదండ్రులు’ అని ఉంటే తర్వాత తగాదా వస్తుంది. పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. మన అప్పలనరసమ్మ పేరు అక్కడి గుమాస్తా చేతిలో అప్పల్ నర్సమా అవుతుంది, ఇంటిపేరు చివరికి పోతుంది లేదా అసలే పోతుంది. కొడుకు సర్వీసులో ఉండగా ఇది దిద్దించడం ఒక దరఖాస్తు పని. అతను లేకపోయాక అదే పనికి అఫిడవిట్, వారసత్వ ధ్రువపత్రం, ఆరు నెలలు.

రెండోది తల్లికి సొంత ఖాతా. డ్వాక్రా గ్రూపు ఖాతా పనికిరాదు, అది గ్రూపుది. ఎప్పుడో తీసిన జన్‌ధన్ ఖాతా పూర్తి కేవైసీ లేని చిన్న ఖాతా అయితే అందులో నిల్వ 50 వేలు, ఏడాదికి వచ్చే జమలు లక్ష దాటకూడదు. దానిలోకి లక్షలు వేస్తే వెనక్కి పోతాయి లేదా ఖాతా ఆగిపోతుంది. పాస్‌బుక్, ఆధార్, పాన్ పట్టుకుని వెళ్లి కేవైసీ పూర్తి చేయించండి. పాన్ లేని ఖాతాలో పెద్ద డిపాజిట్ వేస్తే వడ్డీలో 20 శాతం కోత పడుతుంది. ఫోన్ నంబరు ఆమెదే ఉండాలి. కొడుకు నంబరో అల్లుడి నంబరో పెడితే ఓటీపీ వాళ్లకు పోతుంది, డబ్బూ ఆ దారినే పోతుంది.

జీతం ఖాతా ఉన్న బ్యాంకు గురించి ఒక మాట. సైన్యం 2022లో పదకొండు బ్యాంకులతో అగ్నివీరుల జీతం ఖాతాలకు ఒప్పందాలు చేసుకుంది. అలాంటి ప్యాకేజీలో ప్రమాద బీమా విడిగా ఉంటుంది, సైన్యం ఇచ్చే 48 లక్షలకు అది అదనం. బ్యాంకు తనంతట తాను వచ్చి ఇవ్వదు. గడువులోగా నామినీ అడగాలి. కొడుకు ఖాతా ఏ బ్యాంకులో, ఏ బ్రాంచిలో, ఏ ప్యాకేజీలో ఉందో ఒక చీటీ మీద రాసి ఇంట్లో పెట్టుకోండి.

మూడోది, సేవా నిధి చేతికొచ్చాక. పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో ఒక్కరి పేరున 9 లక్షలు, ఉమ్మడిగా 15 లక్షలు వేయొచ్చు. కొంతకాలంగా అక్కడ వడ్డీ 7.4 శాతం, 9 లక్షలకు నెలకు 5,550 రూపాయలు. అయిదేళ్లలోపు తీస్తే కోత పడే డబ్బు అన్నదే దానిలో మేలు, అరుగుమీదివాళ్లకు చెప్పడానికి ఒక మాట దొరుకుతుంది. కొంత కొడుకు పేరున, కొంత తల్లి పేరున విడగొట్టుకోవడం మంచిది. వాడు చదువుకో, లారీకో, కొట్టుకో వాడుకునే వాటా వాడికి ఉండాలి. మొత్తం ఇంటికే ఊడ్చేస్తే రెండేళ్లకు వాడే తల్లిమీద తిరగబడతాడు.

పాత పద్ధతి పెన్షన్ ఉన్న ఇళ్లు హాయిగా ఉన్నాయని ఎవరూ అనుకోవద్దు. పెన్షన్లన్నీ స్పర్శ్ అనే కంప్యూటర్ వ్యవస్థలోకి మారాక డబ్బు ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పెన్షన్ల కార్యాలయం నుంచి నేరుగా ఖాతాలోకి వస్తోంది. మధ్యలో బ్యాంకు లేదు కాబట్టి ఆలస్యం తగ్గింది. కానీ మధ్యలో అడగడానికి మనిషీ లేడు. అక్కడ ఆడవాళ్లు ఎక్కడెక్కడ తడబడుతున్నారో చెబుతాం.

భర్త చనిపోయిన నెల పెన్షన్ ఖాతాలో పడితే చాలామంది ఏటీఎంలో తీసేస్తారు, దినకర్మల ఖర్చు ఎవరికైనా ఉంటుంది. చావు సంగతి నమోదు కాలేదు కాబట్టి రెండో నెలా, మూడో నెలా పడుతుంది. తర్వాత అదంతా ఆమె ఫ్యామిలీ పెన్షన్‌లోంచి కోసేస్తారు, నెలల తరబడి సగం డబ్బే వస్తుంది. అందుకే ముందు పంచాయతీలో 21 రోజుల్లోగా మరణం నమోదు చేయించాలి, ఆ పత్రంతో స్పర్శ్‌లో మరణ సమాచారం ఇవ్వాలి. ఊళ్లో ఆన్‌లైన్ సేవలు చేసిపెట్టే సీఎస్‌సీ కేంద్రంలో చేస్తారు. పీపీవో (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) కాపీ, డిశ్చార్జి బుక్, ఆమె ఆధార్, పాన్, పాస్‌బుక్ మొదటి పేజీ, ఫోటో కావాలి. భర్తతో కలిపి ‘ఇద్దరిలో ఎవరైనా లేదా బతికున్నవారు’ అన్న పద్ధతిలో ఉమ్మడి ఖాతా ఉంటే కొత్త ఖాతా తీయనక్కర్లేదు.

పీపీవోలో ఆమె పేరే లేకపోతే అప్పుడు అసలు కష్టం. జవాను పెళ్లి చేసుకున్నప్పుడు యూనిట్ ద్వారా పార్ట్ టూ ఆర్డర్ వేయించాలి, అంటే ఆ సంగతి సర్వీసు రికార్డులోకి ఎక్కించాలి. పిల్లలు పుట్టినప్పుడూ అంతే. అది వేయించని మనిషి రికార్డులో బ్రహ్మచారిగానే ఉంటాడు. భర్త ఉండగానే పీపీవో తీసి ఆమె పేరు, పుట్టినతేదీ, పిల్లల పేర్లు ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఆయన రెజిమెంటు రికార్డ్ ఆఫీసుకు రాయాలి. ఫిరంగి దళమైతే నాసిక్ రోడ్, మద్రాస్ రెజిమెంటైతే వెల్లింగ్టన్, ఈఎంఈ అయితే సికింద్రాబాద్, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్. వెళ్లే ఉత్తరం ఇంగ్లిషులోనో హిందీలోనో ఉండాలి. అరవై ఏళ్ల ఆడమనిషి మందస నుంచి జబల్‌పూర్‌కు ఇంగ్లిషులో ఉత్తరం ఎలా రాస్తుంది?

ఇంకోటి, ఏడేళ్ల తర్వాత పెన్షన్ తగ్గడం. రిటైరయ్యాక భర్త చనిపోతే ఫ్యామిలీ పెన్షన్ మొదట హెచ్చు రేటులో వస్తుంది. ఏడేళ్లు నిండినా, భర్త బతికుంటే ఆయనకు 67 ఏళ్లు వచ్చే తేదీ అయినా, ఏది ముందైతే అప్పుడు ఆఖరి జీతంలో 30 శాతానికి దిగుతుంది. ఈ సంగతి ముందు చెప్పేవాళ్లు లేక, ఎవరో డబ్బు కాజేశారని కొడుకును, సీఎస్‌సీ కుర్రాణ్ణి అనుమానించే తల్లులున్నారు. ఆ తేదీ పీపీవోలోనే రాసి ఉంటుంది. ఆ గీత కింద ఎర్ర పెన్నుతో ఒక గీత గీసి పెట్టుకోండి.

ఇక ఏడాదికోసారి బతికున్నట్టు చూపించుకునే లైఫ్ సర్టిఫికెట్. పలాస, కాశీబుగ్గ వైపు జీడి ఫ్యాక్టరీల్లో ఏళ్లతరబడి పిక్కలు కొట్టిన ఆడవాళ్ల వేళ్లు ఒకసారి దగ్గరగా చూడండి. జీడి రసం కాల్చి కాల్చి చర్మం నల్లగా, నున్నగా తేలిపోయి ఉంటుంది. ఆముదమో బూడిదో రాసుకున్నా ఆగదు. ఆ వేలు యంత్రం మీద పెడితే గీతలు పడవు. నాలుగుసార్లు, అయిదుసార్లు ఒత్తించి ‘రేపు రండి’ అంటారు. అలాంటివాళ్లు వేలిముద్ర వదిలేసి ముఖం గుర్తింపుతో చేయించుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోన్లో ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ అనే రెండు యాప్‌లు వేసుకుని, వెలుతురు ముఖంమీద పడేలా కూర్చుని, కళ్లు ఆర్పితే సరిపోతుంది. ఎండ వెనకనుంచి వస్తే తీసుకోదు. పోస్ట్‌మన్‌ను పిలిస్తే ఇంటికొచ్చి చేస్తారు, 70 రూపాయలు. అన్నిటికంటే ఎక్కువ జరిగే తప్పు వేరే ఉంది. పెన్షన్ పంపిణీ చేసేదెవరన్న గడిలో అలవాటుకొద్దీ పాత బ్యాంకు పేరు కొడతారు. స్పర్శ్ అని ఎంచుకోవాలి. బ్యాంకు పేరు కొడితే సర్టిఫికెట్ తయారైనట్టు మెసేజ్ వస్తుంది గానీ అది ప్రయాగ్‌రాజ్ చేరదు, గడువు దాటాక పెన్షన్ ఆగిపోతుంది. తర్వాతి గుర్తింపు ఏ తేదీలోగా చేయించాలో స్పర్శ్ ఖాతాలో కనిపిస్తుంది, అదీ చూసుకోండి.

పాలసీలు ఆడమనిషి బతుకులోకి ఎంత లోతుగా చొరబడతాయో చెప్పడానికి ఒక పాత సంగతి. శౌర్య పతకం పొందిన సైనికుడి వితంతువుకు ఇచ్చే భత్యం ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోయేది. ఒక్క మినహాయింపు ఉండేది, చనిపోయిన భర్త తమ్ముణ్ణో అన్ననో చేసుకుంటే ఆగదు. ఇరవై అయిదేళ్ల పిల్ల ఎవరిని చేసుకోవాలో ఢిల్లీలో ఒక ఉత్తర్వు చెప్పింది, అత్తింటివాళ్లు ఆ ఉత్తర్వును చూపించి మరిదికి ముడిపెట్టడానికి చూశారు. ఆ షరతు 2017 నవంబరులో గానీ తీసేయలేదు. అయితే తీశారు. అడగ్గా అడగ్గా మారుతుందనడానికే దీన్ని చెబుతున్నాం.

ఇప్పుడు మేం అడిగేవి. స్థాయీ సంఘం సిఫారసును అమలు చేసి, విధుల్లో చనిపోయిన అగ్నివీరుల తల్లిదండ్రులకు నెలవారీ పెన్షన్ ఇవ్వాలి. గాయపడి వచ్చినవాళ్లకు, ఎంత శాతమైనా సరే, ఈసీహెచ్ఎస్ ఇవ్వాలి, మంచాన పడ్డవాడికి అటెండెన్స్ అలవెన్సు ఇవ్వాలి. ఈ రెండింటి ఖర్చూ మొత్తం పెన్షన్ పద్దు ముందు చాలా చిన్నది, ఎందుకంటే ఇక్కడ మాట్లాడుతున్నది తిరిగొచ్చే అందరి గురించీ కాదు, చనిపోయినవాళ్లు, దెబ్బతిన్నవాళ్ల గురించి. మన ఎంపీలు పార్టీలతో పనిలేకుండా పార్లమెంటులో ఈ ప్రశ్న వేయాలి, సైన్యంలోకి కుర్రాళ్లను పంపని నియోజకవర్గం మన దగ్గర లేదు. రాష్ట్ర ప్రభుత్వాలు చేయగలిగిందీ ఉంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు మాజీ సైనికులకే కాక అగ్నివీరుల ఇళ్లకూ పనిచేయాలని ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. మరణమో గాయమో జరిగినప్పుడు ప్రకటించే సాయంలో కొంత భాగాన్ని తల్లి పేరున నెలనెలా వచ్చేలా డిపాజిట్ చేసి ఇవ్వొచ్చు. గ్రామ సచివాలయంలో స్పర్శ్ తెలిసిన ఒక్క ఉద్యోగిని పెట్టొచ్చు.

మీ పత్రికను ఒకటి అడుగుతున్నాం. ఏటా అక్టోబరు ఆఖరి వారంలో జిల్లా పేజీలో పావు పేజీ చోటివ్వండి. లైఫ్ సర్టిఫికెట్ ఎలా చేయించాలో, రికార్డ్ ఆఫీసుకు పేరు దిద్దమని రాసే ఉత్తరం నమూనా ఇంగ్లిషులో, దాని అర్థం తెలుగులో అచ్చు వేయండి. ఖాళీల్లో పేరు, సర్వీసు నంబరు, పీపీవో నంబరు రాసి, కత్తిరించి, కవర్లో పెట్టి పోస్టు చేసేలా ఉండాలి. నమూనా మేం రాసి పంపుతాం.

ఇట్లు,
సైనిక కుటుంబాల పెన్షన్ కాగితాలు చూసే కొందరు,
శ్రీకాకుళం జిల్లా